స్వేదనం అంటే డిస్టిలేషనే

మీ ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే, అందులో ఏదో ఒక మాత్రకు అసలు సరుకు మా మండలంలో తయారై ఉండే అవకాశం ఉంది. హత్నూర మండలంలోని బోర్పట్ల, గుండ్లమాచనూరు పేర్లు మన సాహిత్యంలో ఎక్కడా తగలవు గానీ, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ కాగితాల్లో మాత్రం కనిపిస్తాయి. అలాంటి చోట పదో తరగతి పిల్లలకు అన్నిటికన్నా కొరుకుడుపడని సబ్జెక్టు రసాయనశాస్త్రం. చుట్టూ ఇన్ని రియాక్టర్లు పెట్టుకుని పిల్లలు సంయోజకత దగ్గరే ఎందుకు ఆగిపోతారన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

దానికి ఒక జవాబు భాషలో ఉంది. నిజాం కాలంలో మెదక్ జిల్లాలో పై చదువు అంటే ఉర్దూ చదువే. 1917లో అనువాద సంస్థ పెట్టుకుని, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కెమిస్ట్రీని కూడా ఉర్దూలోనే చెప్పింది. ఒక భారతీయ భాషలో ఆధునిక విజ్ఞానం మొత్తం చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయోగం అది. కాకపోతే ఆ భాష మా ఊళ్ళలో ఇంటిభాష కాదు. మా తాత యాసిడ్‌ను చివరిదాకా తేజాబ్ అనే అన్నాడు, అదీ బ్యాటరీలో పోసేదాన్ని మాత్రమే. విచిత్రమేమంటే తెలుగులో విజ్ఞానశాస్త్ర పుస్తకాలు తేవాలని పూనుకున్న విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది కూడా ఇదే హైదరాబాదులో, 1906లో. కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు పడిన శ్రమ చిన్నది కాదు. అయినా ఆ పుస్తకాలు మా తాతలాంటివాళ్ళ చేతికి రాలేదు.

తర్వాత 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కాలేజీ చదువులకు తెలుగు పరిభాష స్థిరపడింది. ఆమ్లజని, ఉదజని వెనక్కిపోయి ఆక్సిజన్, హైడ్రోజన్ నిలిచాయి గానీ స్వేదనం, అవక్షేపం, ఉత్ప్రేరకం, స్ఫటికీకరణం ఉండిపోయాయి. ఈ మాటల్ని వెక్కిరించడం ఇప్పుడు ఫ్యాషన్. నాకైతే 'అవక్షేపం' అందమైన మాటే. అడుక్కి దిగే ఆ తెల్లటి మడ్డిని ఒక్కసారి గాజు గ్లాసులో చూపించి ఉంటే ఎవరూ మర్చిపోరు. మేం చదివిన బళ్ళో చూపించే వీలు లేదు. సైన్సు టీచరు పోస్టు ఖాళీ, ల్యాబు బీరువాకు తాళం.

రెండో జవాబు ఫ్యాక్టరీలది. 1944లో హైదరాబాద్ రాజ్యం పెట్టుకున్న పరిశోధనశాల 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చింది. ఇప్పటి ఐఐసీటీ అదే. 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సాయంతో దాని సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు బాలానగర్‌లో వెలిసింది. ఈ రెండూ ఒక తరం కెమిస్టులకు బడులయ్యాయి. ఆపైన 1970 పేటెంట్ల చట్టం. 1972లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం మందు అణువు మీద పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అదే అణువుకు ఇంకో దారిలో చేరుకోగలిగితే ఆ మందు నువ్వూ చేసుకోవచ్చు. అంటే 'ఈ సమ్మేళనాన్ని వేరే పద్ధతిలో తయారుచేయుము' అన్న పరీక్ష ప్రశ్నే దేశ పారిశ్రామిక విధానమైంది! ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టి మిథైల్‌డోపాతో మొదలుపెట్టారు. ఆయన దారిలో ఎందరో. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం నిండి, ఫ్యాక్టరీలు జిన్నారం, హత్నూర వైపు పాకాయి.

ఫ్యాక్టరీలతోపాటు ఎమ్మెస్సీ కెమిస్టులు వచ్చారు. చాలామంది కోస్తా జిల్లాలవాళ్ళు. ఊళ్ళలో గదులు అద్దెకు తీసుకుని షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు. జీతం చాలక, సాయంత్రాలు తోచక, కొందరు ట్యూషన్లు చెప్పారు. ఏ చరిత్ర పుస్తకమూ వీళ్ళను లెక్కపెట్టలేదుగానీ, మా తరానికి కెమిస్ట్రీ వచ్చిందంటే వీళ్ళవల్లే.

ట్యూషన్ చరిత్ర అనగానే అందరికీ చుక్కా రామయ్యగారు గుర్తొస్తారు. నల్లకుంటలో ఆయన దగ్గర సీటు కోసమే ఒక ప్రవేశపరీక్ష ఉండేది. ఆ చదువుకు గురి ఐఐటీ. మా సారు ట్యూషన్‌కు గురి 35 మార్కుల శాతం. రెండిటికీ ఒకే మాట వాడుతున్నాం, అంతే.

2003-04లో నేను పదో తరగతి. సారుది గుంటూరు వైపు. ఆయన ఏ షిఫ్టులో ఉంటే సాయంత్రం ట్యూషను, బీ షిఫ్టుకు మారితే పొద్దున ఆరింటికి, సీ షిఫ్టు వారం సెలవు. నెలకు యాభై రూపాయలు. ఆయన పద్ధతి అంటూ ఏమీ లేదు. పుస్తకంలో మాట చదివి, వెంటనే ప్లాంటులో మాట చెప్పేవాడు. "స్వేదనం అంటే ఏంటిరా? మా డిస్టిలేషనే. మీ నాన్నని అడుగు, పైన కండెన్సర్లో చన్నీళ్ళు తిరక్కపోతే ఏమవుద్దో." మాలో సగంమంది నాన్నలు అక్కడే కాంట్రాక్టు హెల్పర్లు. వాళ్ళకు సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్, సాల్వెంట్, బ్యాచ్ అన్నీ తెలుసు. వాటి వెనకున్న శాస్త్రం తెలియదు. మాకు శాస్త్రం నిర్వచనాలు వచ్చు, వస్తువు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు కూర్చుని, తండ్రీకొడుకులు ఒకే పనిని రెండు భాషల్లో మోస్తున్నామని మాకు చెప్పినవాడు ఆయనొక్కడే.

స్ఫటికీకరణం రోజు నాకు బాగా గుర్తు. పటికను వేడినీళ్ళలో కరిగించి చల్లార్చి, దారానికి పలుకులు కట్టేదాకా ఆగాం. పలుకులు తీసేశాక మిగిలిన నీళ్ళను మదర్ లిక్కర్ అంటారని చెప్తే అందరం నవ్వాం. మా నాన్నలు రోజూ అనే 'ఎమ్మెల్' అదేనని అప్పుడు తెలిసింది. వెనక నుంచి ఒకడు అడిగాడు: "గా ఎమ్మెల్ ఎటు పోతది సార్?"

"ఈటీపీకి."

"ఆడ్నుంచి?"

సారు కాసేపు మాట్లాడలేదు. "అది మీ సిలబస్‌లో లేదురా" అన్నాడు.

ఆ జవాబుకు నేనాయన్ను తప్పుపట్టను. జేబులో కంపెనీ గుర్తింపు కార్డు ఉన్న మనిషి. కానీ ఆ ప్రశ్న అప్పటికే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఉంది. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లోనే అక్కడ వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసే అల్లాని కిషన్‌రావుగారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. ఇసకవాగు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి పోతుంది. ఇది మాత్రం సాంఘికశాస్త్రం సిలబస్‌లో ఉంది, చివరి రెండు పేర్ల వరకు.

2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ఒక పత్రం వేసింది. సుమారు 90 బల్క్‌డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేల్చారు. శుద్ధి అయ్యాక ఉన్న లెక్క ఇది. ఒక రోజులో అలా పోయేది, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్‌కు సమానమని అంచనా వేశారు. ఆ పత్రం నేను చాలా ఆలస్యంగా, ఉద్యోగంలో చేరాక చదివాను. చేతికి కాగితం తీసుకుని సారు నేర్పినట్టే లెక్క వేశాను. అణుభారం 331. 0.031ని 331తో భాగిస్తే దాదాపు 0.00009 మోలార్. చూడ్డానికి చిన్న అంకె. కానీ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా పది రెట్లు ఎక్కువ. ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు.

ఈ లెక్కకు పదో తరగతి కెమిస్ట్రీ చాలు. అందుకే నాకు కోపం. మొలారిటీ మీద అప్పట్లో కనీసం నలభై లెక్కలు చేసుంటాం, అన్నీ సోడియం హైడ్రాక్సైడ్ మీదే. ఊరి నీళ్ళ మీద ఒక్కటీ లేదు. పాఠం వేరు, ఊరు వేరు అన్న గోడను సగం కూల్చిన సారు కూడా మిగతా సగం దగ్గర ఆగాడు. ఆగక తప్పని ఉద్యోగం అది.

ప్రమాదాల సంగతీ అంతే. 2024 ఏప్రిల్ 3న మా మండలంలోనే, చందాపూర్ దగ్గరి రసాయన కర్మాగారంలో పేలుడు జరిగి కార్మికులు చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయారు. అక్కడ చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్ర విడిపోకుండా పట్టి ఉంచే పొడి. సెల్యులోజ్ మా పుస్తకంలో కార్బోహైడ్రేట్ల కింద ఉండేది. చెక్కలో ఉంటుంది, దూదిలో ఉంటుంది అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం. సన్నటి పొడిగా గాల్లోకి లేస్తే పిండి కూడా పేలుతుందని ఎక్కడా లేదు. పాశమైలారం మృతుల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. మా నాన్నల పనుల్లోకి ఇప్పుడు వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఇక్కడి బడికి పిల్లల్ని పంపేవాళ్ళకు స్వేదనం మూడో భాషో నాలుగో భాషో.

సర్కారు బడుల పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మా చిన్నాన్న మనవడి పుస్తకం తిరగేశాను. మాకన్నా చాలా నయం, ప్రతి పాఠంలో చేసి చూడమనే పనులున్నాయి. వాడూ ట్యూషన్‌కే పోతున్నాడు. చెప్పేది మా మండలంలోనే పుట్టి, ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి, ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్న అమ్మాయి. మొన్న పిల్లలందర్నీ ఇంటి బోరునీళ్ళు సీసాల్లో తెమ్మందట. పీహెచ్ కాగితాలు ఆమే కొనుక్కొచ్చింది. కాగితం రంగు ఎలా చూడాలో వాడు నాకు అరగంట చెప్పాడు.