ఉబ్బసం - ఉక్రోషం

మా పిన్నికి ఉబ్బసం. మామూలు రోజుల్లో బిందెడు నీళ్లు చంకనెత్తుకొచ్చే మనిషి, అత్తగారు ఓ మాట అన్నారంటే చాలు, గోడకి చేరగిలబడేది. గుండెల్లో పిల్లికూతలు! "మాట పడలేక వేషాలు" అనేవారు ఆవిడ. చిన్నతనంలో నేనూ అదే నిజమనుకున్నాను. ఆ సిగ్గు ఇంకా వదల్లేదు.

అందుకే కాబోలు, ఈ జబ్బు చరిత్ర ఎక్కడ కనిపించినా చదువుతాను. 19వ శతాబ్దంలో పారిస్‌లో ట్రూసో అని పేరుమోసిన డాక్టరు వుండేవాడు. ఆయనకీ ఉబ్బసమే. బండివాడు గుర్రాల దాణా కాజేస్తున్నాడని అనుమానమొచ్చి, కొలుస్తుంటే దగ్గరుండి చూద్దామని అటక ఎక్కాడు. అంతే, ఎన్నడూ ఎరగనంత ఆయాసం! దాణా దుమ్మువల్లేనా? అంతకన్నా దట్టమైన దుమ్ము పారిస్ వీధుల్లో ఎన్నిసార్లు పీల్చలేదు! ఇంటి నౌకరే దొంగ అన్న బాధతో మనసు కలతపడి వుండబట్టే దుమ్ము అంత పని చేసిందని తేల్చుకుని, తన పాఠాల్లో చెప్పుకున్నాడు. చూశారా, డాక్టరుగారికి కోపంతో ఆయాసమొస్తే పాఠం, మా పిన్నికొస్తే వేషం!

1886లో బాల్టిమోర్‌లో మెకెంజీ అనే డాక్టరు, గులాబీలు పడని ఒకావిడకి అచ్చం అసలుదానిలా వున్న కృత్రిమ గులాబీ చూపించాడు. ఆవిడకి జలుబూ, ఆయాసమూ వచ్చేశాయి. అది పువ్వే కాదని తెలిశాక, కొన్నాళ్లకు నిజం గులాబీ వాసన చూసినా ఏమీ కాలేదట.

ఇంతవరకూ బాగానే వుంది. 1941లో చికాగో మనోవైద్యులు ఫ్రెంచ్, అలెగ్జాండర్ అనేవారు, ఉబ్బసపు ఆయాసమంటే తల్లికోసం అణచుకున్న ఏడుపేనన్నారు. ఇంకేం, నేరం అమ్మ మీదికొచ్చింది! అమెరికాలోనే డెన్వర్‌లో పిల్లల్ని తల్లిదండ్రులకి దూరంగా నెలల తరబడి వుంచి వైద్యం చేశారు. దానికో పేరు కూడా పెట్టారు - అపెండిక్స్ కోసి తీసేసినట్టు అమ్మానాన్నల్ని తీసేయడమని! చాలామంది పిల్లలు తేరుకున్న మాట నిజమే. కానీ వాళ్లు ఇంట్లో వదిలొచ్చింది అమ్మనేనా? పరుపుల్లో దుమ్ము మాటేమిటి? వేళకి మందు వేసే నర్సుల మాటేమిటి?

ఉబ్బసంలో శ్వాసనాళాలు లోపల వాచివుంటాయని ఇప్పుడు తెలుసు. కోపమొచ్చినా, వెక్కివెక్కి ఏడ్చినా, ఆఖరికి పగలబడి నవ్వినా ఊపిరి తీరు మారి అవి బిగుసుకుపోవచ్చు. మాట లేపేది లోపల వున్న జబ్బునే గాని, వేషాన్ని కాదు. ఆ వాపు తగ్గించే పీల్చే స్టెరాయిడ్ మందు బ్రిటన్‌లో 1972లో వాడకంలోకి వచ్చింది. మా పిన్నిదాకా వచ్చేసరికి ఆవిడ జుట్టు నెరిసింది, అత్తగారు పోయారు.

మొన్న పిన్నికి ట్రూసో కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "ఇంతకీ ఆ బండివాడు నిజంగా దాణా తీశాడుటే? లేక పాపం, వాడిమీదా ఉత్త అనుమానమేనా?" అంది.