పోపు పెడితే అరిచే పెట్టె

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చినప్పుడు నేను మా ఊరు శృంగవరపుకోటలో ఉన్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, లాక్‌డౌన్ పుణ్యమా అని ఇంటి నుంచే పని. పొద్దున్నే టీవీ పెడితే రోడ్ల మీద పడిపోయిన జనం, గేదెలు. మా ఊరికీ ఆ ఊరికీ మధ్య కొత్తవలస, పెందుర్తి, అంతే. ఆ గాలి ఇంత దూరం రాదని నాకు తెలుసు. అయినా మామ్మ కిటికీలన్నీ మూసేసింది.

జూన్‌లో ఆన్‌లైన్‌లో ఒక గ్యాస్ లీక్ డిటెక్టర్ కొన్నాను. ప్లగ్గులో పెడితే చాలు, గ్యాస్ తగలగానే కుయ్యోమంటుంది. కొన్నవాడు ఇంజినీరు కదా, వంటింట్లో బాగా ఎత్తున, ఎగ్జాస్ట్ ఫ్యాను పక్కనున్న ప్లగ్గులో బిగించాడు. అది మొదటిరోజే పోపుకి అరిచింది. మర్నాడు నేను చేతులకి శానిటైజర్ రాసుకుని లోపలికెళ్తే అరిచింది. మూడోరోజు మామ్మ ప్లగ్గు పీకేసింది. "అదేటిరా, పోపేస్తే పోలీసోడిలాగ అరుస్తాది? నాకు ముక్కు నేదేటి?"

అక్కడే నాకు పట్టుకుంది. అసలా పెట్టె ఎందుకలా అరుస్తోందో చూద్దామని కూర్చుంటే చాలా దూరం వెళ్లాల్సొచ్చింది.

మామ్మ అన్నది నిజమే, మొదటి సెన్సర్ ముక్కే. సిలిండర్ గ్యాస్‌కి సొంత వాసన దాదాపు లేదు. మనకి తగిలే ఆ కుళ్లు కంపు కావాలని కలిపిన మెర్‌కాప్టాన్‌ది. 1937 మార్చిలో అమెరికాలో టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో వాసన లేని సహజవాయువు ఒక బడి కింద పోగై పేలింది. మూడొందల మంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలే. వాసన కలపడం అక్కడ చట్టమైంది ఆ తర్వాతే. కాకపోతే ముక్కుకో జబ్బుంది. ఒకే వాసన కాసేపు పీలిస్తే అలవాటైపోతుంది. నిద్రపోతున్నవాడికైతే తగలదు కూడా.

గనుల్లో ముక్కుకి బదులు దీపం పెట్టారు. 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపంలో మీథేన్ చేరితే మంట చుట్టూ నీలం టోపీలా కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడుకి కేనరీ పిట్టలు. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలకి రిటైర్మెంట్ ఇచ్చింది 1986లో! నమ్మబుద్ధి కాలేదు నాకు.

ఇక మా ఇంటి పెట్టె సంగతి. 1953లో బెల్ ల్యాబ్స్‌లో బ్రాటెన్, బార్డీన్ (అవును, ట్రాన్సిస్టర్ వాళ్లే) జెర్మేనియం ఉపరితలం చుట్టూ ఉన్న వాయువుని బట్టి దాని విద్యుత్ గుణం మారుతోందని గమనించారు. ట్రాన్సిస్టర్ చేసేవాళ్లకి అది తలనొప్పి. ఆ తలనొప్పే జపాన్‌లో వస్తువైంది. 1962లో క్యూషూ యూనివర్సిటీలో సెయామా జింక్ ఆక్సైడు పొరతో వాయువుల్ని పట్టుకున్నాడు. అదే ఏడాది తగుచి టిన్ ఆక్సైడు సెన్సరుకి పేటెంటు వేశాడు. అక్కడ అప్పుడే ఇళ్లలోకి ఎల్‌పీజీ వస్తోంది, పేలుళ్లూ వస్తున్నాయి. 1968 కల్లా ఆయన ఫిగారో కంపెనీ వాటిని పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలెట్టింది.

అది పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. టిన్ ఆక్సైడుని ఓ రెండు మూడొందల డిగ్రీలకి వేడి చేస్తారు. గాలిలోని ఆక్సిజన్ దాని రేణువుల మీద వాలి ఎలక్ట్రాన్లని లాక్కుని కూర్చుంటుంది, కరెంటు సరిగ్గా పారదు. గ్యాస్ వస్తే ఆ ఆక్సిజన్‌తో కలిసి మండిపోతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి లోపలికొస్తాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది, బజర్ మోగుతుంది. అంటే ఆ పెట్టెకి ఎల్‌పీజీ అంటే ఏంటో తెలీదు. ఆక్సిజన్‌తో కలిసేది ఏదొచ్చినా దానికొకటే: శానిటైజర్‌లో ఆల్కహాలు, మరిగిన నూనె ఆవిరి. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ వాలిడేషన్ లేని ప్రోగ్రాం :-)

అయితే చదివేకొద్దీ నన్ను పట్టి కుదిపింది సెన్సర్ కాదు, దాని తర్వాత జరిగేది.

1984 భోపాల్‌లో మిక్ యూనిట్ వాళ్లు చిన్న లీకుల్ని కళ్లు మండటాన్ని బట్టే కనిపెట్టేవారు. ఆ రాత్రి ఊరి వైపు సైరన్ కాసేపు మోగింది, తర్వాత ఆపేశారు. చిన్న లీకులకి జనం బెదిరిపోకూడదని పెట్టుకున్న పద్ధతట అది. 1997 సెప్టెంబర్ 14న, నేను పుట్టిన ఏడాదే, విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంలా పరుచుకుని అంటుకుంది. 60 మంది దాకా పోయారు. మామ్మ అప్పట్నుంచే రాత్రి రెగ్యులేటర్ కట్టకుండా పడుకోదు.

వెంకటాపురం మరీ అన్యాయం. స్టైరీన్ నిల్వ ఉంటే తనలో తాను గట్టిపడుతూ వేడెక్కుతుంది. అందుకే చల్లగా ఉంచాలి, టీబీసీ అనే మందు కలపాలి. ప్రభుత్వం వేసిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆ మందు నిల్వ లేదు. ట్యాంకు ఉష్ణోగ్రత చూసేది అడుగున మాత్రమే, పైన మరుగుతున్న సంగతి మీటరుకి తెలియలేదు. పోనీ సైరనా? గేటుతో సహా 36 చోట్ల నుంచి మోగించవచ్చు. మోగించలేదు. నిద్రలో ఉన్న ఊరికి మిగిలింది ముక్కే. పన్నెండు మంది పోయారు.

ఇది చదివాక ఇంటి పెట్టెని చూస్తే సిగ్గేసింది. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. నేను పెట్టింది పైన! ట్యాంకు మరిగేది పైన, మీటరు పెట్టింది కింద. ఇంజినీర్లం అందరం ఒకటే తానులో ముక్కలం.

ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, పెట్టెని గట్టు కింద నేలకి జానెడు ఎత్తున పెట్టాను. పోపుకి అరవడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఆ రోజు మామ్మ అడిగింది, "సర్లే, రేత్రి అరిసిందనుకో. నానేటి సెయ్యాల?"

పెట్టెతో వచ్చిన కాగితంలో అది ఉంది, ఇంగ్లీషులో, అడుగున చిన్నక్షరాల్లో. చదివి చెప్పాను. "మామ్మా, లైటు స్విచ్చి ముట్టుకోకు, వెయ్యకు, ఆపకు. ఇది అరుస్తున్నా దీని ప్లగ్గూ పీకకు. సిలిండర్ కట్టెయ్, తలుపులు తీసెయ్, బయటికెళ్లిపో."

"కట్టేసీడం, తీసీడం, ఎల్లిపోడం," అని వేళ్ల మీద లెక్కెట్టుకుంది. "స్విచ్చీ ముట్టుకోనొద్దు. మరి సీకట్లో తలుపు గెడ ఎక్కడుందో నాకు కనపడొద్దేటి?"

గెడ మీద రాత్రి మెరిసే స్టిక్కరు అంటించాను. అది ఇరవై రూపాయలు.