ట్రాక్టర్ టైర్లలో నీళ్లు నింపడం

దుక్కిలో పట్టు కోసం ట్రాక్టర్ వెనక టైర్లలో నీళ్లు నింపి బరువు పెంచే పద్ధతి. బరువు చాలకపోతే నాగలి భూమిలో దిగగానే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. డీజిలు వృథా అవుతుంది, టైరు గుబ్బలు అరిగిపోతాయి. 13.6-28 సైజు టైరులో ముప్పావు వంతుకు సుమారు 200 లీటర్ల నీళ్లు, అంటే 200 కిలోలు పడతాయి.

ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రాన్ని జాకీతో లేపి, వాల్వ్ పైకి వచ్చేలా తిప్పాలి. గాలి పూర్తిగా పోయాక వాల్వ్ పిన్ను తీసి పైపు బిగించాలి. మధ్యమధ్యలో పైపు తీసి లోపలి గాలిని వదలాలి, లేకపోతే నీళ్లు ఎక్కవు. వాల్వ్ లోంచి నీళ్లు చిమ్మితే ముప్పావు వంతు నిండినట్టే. మిగతా చోటు గాలిది. టైరుకు ఆ మెత్తదనం ఉండి తీరాలి.

మంచు పడే దేశాల్లో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. రసాయనాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, తిరగేస్తే ఒక్కసారిగా వేడెక్కి మీదికి చిమ్ముతుంది. ఆ ద్రావణం కారితే రిమ్ము తుప్పు పడుతుంది. తెలుగు నేలకు మామూలు నీళ్లే చాలు. వరి దమ్ముకు ముందు మాత్రం ఆ నీళ్లు తీసేయడం మంచిది, బరువుకు బండి బురదలో కూరుకుపోతుంది.