నేర్చిన చేయి, చేసిపెట్టే చేయి: కేరళ స్థానిక ప్రభుత్వాల డిజిటల్ అక్షరాస్యతా కృషి

వ్యాససంగ్రహం:
కంప్యూటరును, అంతర్జాలాన్ని సామాన్య ప్రజలకు నేర్పే పనిని కేరళ స్థానిక ప్రభుత్వాలు 2002లో ఒకసారి, 2021లో మరొకసారి చేపట్టాయి. మలప్పురం జిల్లాలో మొదలైన అక్షయ పథకం, పుల్లంపార గ్రామ పంచాయతీ కార్యక్రమం ఇందుకు ప్రధాన నిదర్శనాలు. ఈ రెండింటి నడుమ శిక్షణకేంద్రం సేవాకేంద్రంగా మారిన తీరును, తెలుగునాట ఈసేవ, మీసేవల అనుభవంతో దానికి గల పోలికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ అక్షరాస్యత, గ్రామ పంచాయతీ, అక్షయ, పుల్లంపార, ఈసేవ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘కట్టుకొను’, ‘కట్టించుకొను’ అనే క్రియల మధ్య భేదం ‘ఇంచు’ అనే ప్రేరణార్థక ప్రత్యయం ఒక్కటే. మొదటిదానిలో పనీ ఫలమూ ఒకరివే. రెండవదానిలో ఫలం తనదే అయినా పని చేసే చేయి మరొకరిది. కరెంటు బిల్లును ఫోనులో తానే కట్టుకొనే వ్యక్తికి, అదే ఫోనును పక్కవారి చేతికిచ్చి కట్టించుకొనే వ్యక్తికి మధ్య ఉన్న దూరం ఇదే. రెండవ వ్యక్తి ఫోనుతోపాటు తన రహస్య సంఖ్యను, బ్యాంకు ఖాతాను కూడా ఇతరుల చేతిలో పెడుతున్నాడు. ప్రభుత్వం ప్రజలకు సేవ అందించడం, నైపుణ్యం అందించడం ఒకటి కావన్న విషయం ఈ భేదం వల్ల స్పష్టమవుతుంది. డిజిటల్ అక్షరాస్యత చరిత్రను ఈ దృష్టితో చదవడానికి కేరళ అనుభవం అనువైనది.

2. పూర్వరంగం

కేరళలో కంప్యూటర్ శిక్షణకు ముందు అక్షరాస్యతా ఉద్యమం ఉంది. 1990 ఫిబ్రవరిలో ఎర్ణాకుళం దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ప్రకటన పొందింది. 1991 ఏప్రిల్ 18న కోళిక్కోడు సభలో రాష్ట్రమంతటికీ ఆ ప్రకటన జరిగింది. దానిని చదివినది మంత్రి కాదు, అప్పుడే చదువు నేర్చిన మలప్పురం జిల్లా మహిళ చేలక్కోడన్ ఆయిషా. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రూపం ఇవ్వగా, 1996లో కేరళ ప్రారంభించిన ప్రజా ప్రణాళికా ఉద్యమం వాటికి నిధులు ఇచ్చింది. రాష్ట్ర ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించాలన్నది నాటి నిర్ణయం. కార్యకర్తలను సమీకరించిన అనుభవమూ, తామే ఖర్చు పెట్టగల సొమ్మూ ఉండడం వల్లనే తరువాతి దశలో పంచాయతీలు కంప్యూటర్ శిక్షణకు పూనుకోగలిగాయి.

3. అక్షయ: కుటుంబానికి ఒకరు

2002 నవంబరు 18న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం అక్షయ పథకాన్ని ప్రారంభించారు. ప్రయోగానికి ఎంపికైన మలప్పురం జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు అధికం. దూరాన ఉన్న మనిషితో మాట్లాడవలసిన అవసరం అక్కడ చాలా ఇళ్ళలో ముందే ఉంది.

ప్రతి కుటుంబంలో కనీసం ఒకరిని కంప్యూటర్ అక్షరాస్యులను చేయడం పథకం లక్ష్యం. ఏ ఇంటికైనా రెండు మూడు కిలోమీటర్లలోపు ఒక కేంద్రం ఉండాలని, ఒక్కొక్క కేంద్రం సుమారు 1,000 కుటుంబాలకు బాధ్యత వహించాలని నిర్ణయించారు. మలయాళంలో రూపొందించిన పాఠాలతో 15 గంటల శిక్షణ ఇచ్చారు. ఒక్కొక్కరికి అయ్యే 140 రూపాయల రుసుములో 120 రూపాయలను స్థానిక సంస్థలు భరించాయి. నేర్చుకొనేవారు చెల్లించినది 20 రూపాయలే. కేంద్రాన్ని నడిపినది మాత్రం సొంత పెట్టుబడి పెట్టిన స్థానిక యువతీయువకులు.

ఈ ఏర్పాటులో బలమూ బలహీనతా కలిసే ఉన్నాయి. పంచాయతీ రుసుము చెల్లించినంత కాలం నేర్పడమే కేంద్రానికి ఆదాయం. శిక్షణ పూర్తయిన తరువాత అప్పు తీర్చడానికి, అద్దె కట్టడానికి నిర్వాహకులకు మరొక దారి కావాలి. బిల్లుల చెల్లింపు, దరఖాస్తులు, ధ్రువపత్రాలు ఆ దారి చూపాయి. క్రమంగా రాష్ట్రమంతటా అక్షయ అన్నది ప్రభుత్వ సేవలు దొరికే చోటుకు పేరయింది. మౌస్ పట్టుకోవడం నేర్పిన బల్ల దగ్గరే ప్రజలు తమ పనిని మరొకరిచేత చేయించుకోవడానికి వరుసలో నిలబడ్డారు. ఇందులో నిర్వాహకుల తప్పు లేదు. నేర్పడానికి ఒకసారే సొమ్ము, చేసిపెట్టడానికి ప్రతిసారీ సొమ్ము వచ్చే ఏర్పాటులో మరో ఫలితం రావడం కష్టం.

4. తెలుగునాట సేవామార్గం

ఆంధ్రప్రదేశ్ తొలి నుంచే సేవామార్గాన్ని ఎంచుకుంది. 1999 డిసెంబరులో హైదరాబాదులో ట్విన్స్ పేరుతో మొదలైన ప్రయోగం 2001లో ఈసేవగా విస్తరించింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. అనేక కార్యాలయాలు తిరిగే శ్రమను ఇవి తగ్గించాయన్నది కాదనలేని సత్యం. పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈసేవా కేంద్రాలను మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించడం వల్ల కొందరు గ్రామీణ స్త్రీలు కంప్యూటరుకు ఇవతలివైపు నుంచి అవతలివైపుకు చేరారు. అయితే కౌంటరు ముందు నిలబడిన పౌరుని స్థానం మారలేదు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో ‘డిజిటల్ అసిస్టెంట్’ అనే ఉద్యోగం ఏర్పడింది. పనిని ప్రజల తరఫున చేసిపెట్టే మనిషి ఉంటాడన్న భావన ఆ పేరులోనే ఉంది. కేరళలో కాలక్రమేణా జరిగిన మార్పు ఇక్కడ ఆరంభంలోనే విధానమయింది.

5. పుల్లంపార: పని దగ్గరికే పాఠం

2021లో తిరువనంతపురం జిల్లాలోని పుల్లంపార గ్రామ పంచాయతీ ‘డిజి పుల్లంపార’ కార్యక్రమాన్ని చేపట్టింది. అప్పటికి కంప్యూటర్ స్థానంలో స్మార్ట్‌ఫోను వచ్చింది. ఉపాధి హామీ కూలి బ్యాంకు ఖాతాలో పడుతోంది. కూలి పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకు వెళితే కూలీకి ఆ పూట పని పోతుంది. కనుక ఖాతా చూసుకోవడం ఆమెకు రోజువారీ బతుకుతో ముడిపడిన నైపుణ్యం.

పంచాయతీ మొదట ఇంటింటి సర్వే జరిపి నేర్చుకోవలసినవారిని గుర్తించింది. విద్యార్థులు, కుటుంబశ్రీ సభ్యులు వంటి కార్యకర్తలు ఇళ్ళకు, ఉపాధి హామీ పనులు జరిగే చోట్లకు వెళ్ళి ఫోను వాడకం, వీడియో కాల్, బ్యాంకు లావాదేవీలు, బిల్లు చెల్లింపు నేర్పారు. అక్షయలో నేర్చుకొనే మనిషి కేంద్రానికి నడిచింది. ఇక్కడ పాఠమే మనిషి దగ్గరికి నడిచింది. 2022 సెప్టెంబరు 21న పుల్లంపార సంపూర్ణ డిజిటల్ అక్షరాస్య పంచాయతీగా ప్రకటన పొందింది.

ఈ నమూనాను రాష్ట్రప్రభుత్వం ‘డిజి కేరళం’గా విస్తరించింది. సుమారు 83 లక్షల కుటుంబాలను సర్వే చేయగా సుమారు 21.88 లక్షల మందికి శిక్షణ అవసరమని తేలింది. 2025 ఆగస్టు 21న సంపూర్ణ డిజిటల్ అక్షరాస్య రాష్ట్ర ప్రకటన వెలువడింది. 2017 నాటి కేంద్రప్రభుత్వ గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం కుటుంబానికి ఒకరినే, అదీ 14 నుంచి 60 ఏళ్ళలోపువారినే లెక్కించింది. డిజి కేరళం వయఃపరిమితిని తొలగించింది. నేర్చుకున్నవారిలో నూరేళ్ళు దాటిన వృద్ధుడు కూడా ఉన్నాడు. కుటుంబాన్ని లెక్కించినప్పుడు ఇంట్లో ఒకరు నేర్చుకొని మిగిలినవారికి చేసిపెడతారు. ‘కట్టించుకొను’ ఇంటి బయటి నుంచి ఇంటి లోపలికి మారుతుంది, అంతే. మనిషిని లెక్కించినప్పుడే తల్లి, అత్త, తాత విడివిడిగా కనిపిస్తారు.

6. ముగింపు

అక్షయ ప్రారంభమై రెండు దశాబ్దాలు దాటిన తరువాత కూడా అదే రాష్ట్రంలో 21 లక్షలకు పైగా మందికి మళ్ళీ పాఠం అవసరమయింది. యంత్రం మారింది, తరం మారింది. అంతేకాక నేర్పే చోటు చేసిపెట్టే చోటుగా మారింది. సంపూర్ణ అక్షరాస్యత ఒక రోజు ప్రకటనతో ముగిసేది కాదని ఈ చరిత్ర చెబుతోంది. పుల్లంపార విజయానికి కూడా ఈ పరీక్ష మిగిలే ఉంది. సేవాకేంద్రాలు అవసరమే. చూపు లేనివారికి, చేయి వణికేవారికి చేసిపెట్టేవారు ఎప్పుడూ ఉండాలి. కాని చేయించుకోవడం పౌరుని ఎంపిక కావాలి, గత్యంతరం లేని స్థితి కాకూడదు. తెలుగు రాష్ట్రాలలో గ్రామాలకు చేరిన సేవాయంత్రాంగం ఉంది. అందులో నేర్పే బాధ్యతను, దానికి ఏటా నిధిని పంచాయతీ చేతికి ఇవ్వడమే కేరళ అనుభవం నుంచి గ్రహించవలసిన పాఠం.