నివ్వరి బియ్యం, నాన్నమ్మ చాదస్తం

మాది నర్సీపట్నం. ఋషిపంచమి వచ్చిందంటే మా నాన్నమ్మ నివ్వరి బియ్యం కోసం ఊరంతా వెతికించేది. ఎద్దు దున్నిన నేలలో పండింది ఆ రోజు తినకూడదట. ఉత్త చాదస్తం అనుకునేవాణ్ణి.

నివ్వరి అంటే చెరువుల అంచుల్లో, పల్లపు గుంటల్లో దానంతటదే మొలిచే అడవి వరి. ఒక్క ఏడాదే బతుకు. పూసి, గింజ పండీ పండగానే రాల్చేసి చచ్చిపోతుంది. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ దొర మన ఉత్తర సర్కారుల మొక్కల గురించి రాస్తూ దీన్నీ తెలుగు పేరుతోనే ఎక్కించాడు. 1965లో శర్మ, శాస్త్రి దీనికి పెట్టిన శాస్త్రీయ నామం కూడా ఒరైజా నివారాయే.

అసలు కథ తర్వాతది. సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిని దెబ్బతీస్తుంటే, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా నమూనాలు పరీక్షించింది. తట్టుకున్నది ఒక్కటే, ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన నివ్వరి. 1976లో వచ్చిన ఐఆర్ 36ని కాపాడింది ఆ జన్యువే.

జన్యు బ్యాంకులో విత్తనాలున్నాయిగా అంటారా? అది బ్యాకప్ అండీ, దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. చెరువులోది ఏటేటా కొత్త తెగుళ్ళతో తలపడుతూ మారుతుంటుంది. చెరువు పూడ్చి లేఅవుట్ వేస్తే బురదలో దాగిన విత్తనం కూడా పోయినట్టే.

మనమేగా ఆ ప్లాట్లు కొనేది? అడ్వాన్సు ఇచ్చేముందు పాత మ్యాపులో అక్కడ చెరువుందేమో ఒక్కసారి చూడండి.