పీడనం కొలవబోతే వేడి అడ్డొచ్చింది

1643లో టోరిచెల్లి గాజు గొట్టంలో పాదరసం నిలబెట్టిన నాటి నుంచి, పీడనం కొలిచే సాధనాలన్నీ అడక్కుండానే ఉష్ణోగ్రతనూ కొలుస్తూ వచ్చాయి. వేడికి పాదరసం ఉబ్బుతుంది. 30 డిగ్రీల గదిలో 760 మిల్లీమీటర్ల పాదరస స్తంభం, ఇత్తడి స్కేలు వ్యాకోచం పోను, దాదాపు 3.7 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అంటే సుమారు 5 మిల్లీబార్లు! వాతావరణ పటంలో లేని అల్పపీడనాన్ని పుట్టించడానికైనా, ఉన్నదాన్ని చెరిపేయడానికైనా అది చాలు. అందుకే ఫోర్టిన్ బారోమీటరుకు ఒక థర్మామీటరు తగిలించి ఉంటుంది. పరిశీలకుడు తన ఒంటి వేడి తగలకముందే దాన్ని చదివి, ఆ తర్వాత పాదరసం మట్టం చూసి, పట్టిక ప్రకారం దిద్దుకునేవాడు.

1844లో విడీ చేసిన అనిరాయిడ్ డబ్బాలో పాదరసం లేదు గానీ వేడి బెడద పోలేదు. లోహపు స్ప్రింగు బిగువూ వేడితో మారేదే.

1954లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ సిలికాన్, జెర్మేనియం మీద ఒత్తిడి పెడితే వాటి విద్యుత్ నిరోధం ఎంతగా మారుతుందో చూపించాడు. లోహపు తీగల కంటే పదుల రెట్లు! పల్చటి సిలికాన్ పొర మీద నాలుగు నిరోధకాలను వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలిపితే ఎలక్ట్రానిక్ సెన్సర్ సిద్ధం. నాలుగూ ఒకేలా వేడెక్కుతాయి కనుక వేడి తెచ్చే తేడా రద్దవాలి. కాగితం మీద అవుతుంది కూడా. కానీ ఏ నాలుగూ అచ్చంగా ఒకేలా తయారుకావు, కాబట్టి సున్నా స్థానం పక్కకు జరుగుతుంది. పైగా వేడెక్కే కొద్దీ సిలికాన్ స్పందనే తగ్గుతుంది. మామూలు సెన్సర్లలో ఇది డిగ్రీకి 0.2 శాతం దాకా ఉంటుంది. మండే కారు ఇంజన్ పక్కన అది చిన్న సంగతి కాదు. కొన్నాళ్లు లేజరుతో నిరోధకాలు చెక్కి, థర్మిస్టర్లు జోడించి నెట్టుకొచ్చారు.

నా లెక్కలో అసలు మలుపు, సెన్సర్‌లోనే జ్ఞాపకశక్తి పెట్టడం. బాష్ బీఎంపీ085 చిప్‌లో ఫ్యాక్టరీలోనే రాసిపెట్టిన 11 గుణకాలుంటాయి. ముందు ఉష్ణోగ్రత చదవాలి, తర్వాత పీడనం, ఆపైన లెక్క. ఫోర్టిన్ కాలపు పరిశీలకుడి వరసే ఇది, పట్టిక మాత్రం చిప్‌లోకి చేరింది.

అయితే థర్మామీటరున్న చోటి వేడే సెన్సర్ ఒళ్లంతా ఉండాలని ఎక్కడుంది? 2008లో అంగారకుడి మీద దిగిన ఫీనిక్స్ నౌకలోని ఫిన్లాండ్ పీడన సెన్సర్ దగ్గర ఒక వేడి భాగం చోటు మారింది. అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల ఆ కబురు సెన్సర్ తయారుచేసినవాళ్లకు అందలేదు. సెన్సర్‌లో ఒక పక్క ఒక వేడి, మరో పక్క మరో వేడి. అక్కడి గాలి పీడనమే మన భూమి మీది దానిలో నూరో వంతుకు తక్కువ, కనుక చిన్న తేడా కూడా పెద్ద తప్పే. దాంతో కొలతలను తర్వాత మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది.