తోలు (పదచరిత్ర)

తోలు అంటే జంతువు ఒంటి పైపొర. బహువచనం తోళ్లు. చర్మం సంస్కృతం నుంచి వచ్చిన మాట, తోలు అచ్చ తెలుగు. మార్టూరు, ఒంగోలు పల్లెల్లో మేకతోలు, గేదెతోలుతో పాటు మిరపకాయ పైపొరనూ తోలే అంటారు.

తమిళం, మలయాళం, గోండి, కొలామి భాషల్లో ఇది తోల్. కన్నడంలో తొగలు, తుళులో తుగలు. ఈ రెండు రూపాల్లో నిలిచిన గకారమే అసలు చరిత్ర చెబుతుంది. మూలద్రావిడంలో మాట 'తొకల్' వంటిదని పండితులు పునర్నిర్మించారు. రెండు అచ్చుల నడుమ హల్లు సడలి జారిపోయింది. అచ్చులు కలిసి తొలి అచ్చు దీర్ఘమైంది. తొకల్, తొవల్, తోల్: వరుసగా పలికి చూస్తే మార్పు నాలుక మీదే తెలుస్తుంది.

అచ్చులు ఇలా దీర్ఘం కావడానికి నియమాలు చూపినవారిలో అగ్రగణ్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి. 1928లో ఒంగోలులో పుట్టారు. తెలుగు ధాతువుల్లో అచ్చుల దీర్ఘంపై 1955లోనే వ్యాసం ప్రకటించారు. 1961లో 'తెలుగు వెర్బల్ బేసెస్', 2003లో 'ద ద్రవిడియన్ లాంగ్వేజెస్' వెలువరించారు. రెండూ నేటికీ ప్రామాణికాలు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తొలి కూర్పు కూడా 1961లోనే వచ్చింది, మలికూర్పు 1984లో.

తోలుకు పేరు పెట్టడంలో స్లావిక్ భాషల దారి వేరు. అక్కడ 'కోజా' అంటే మేక. దాని నుంచి పుట్టిన, మేకతోలు అనే అర్థమున్న మాటే క్రమంగా ఏ తోలుకైనా పేరైంది. రష్యన్‌లో నేటికీ తోలు 'కోఝా'. మన తోలు వెనక అలా ఏ జంతువు పేరూ కనబడదు.

కావ్యభాషలోనూ మాట రూపం ఇదే; తోలుతో ఆడే బొమ్మలాటకూ కావ్యాల్లో చోటుంది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో తెరమరుగు బొమ్మలాటను ప్రస్తావించాడు. పలుచగా గీకి, వెలుతురు పారేలా చేసిన మేకతోలు మీద రంగులద్దితే తోలుబొమ్మ. ఆ ఆట కన్నడంలో తొగలు గొంబెయాట, మలయాళంలో తోల్‌పావకూత్తు. తెర ఒకటే, మాటా ఒకటే.

వాడుకలో 'తోలు మందం', 'తోలు తీస్తా' వంటి పలుకుబళ్లున్నాయి. తోలు చెర్నాకోల పట్టి ఎడ్లబండి 'తోలే' రైతు నోట రెండు తోలులూ ఒకేలా వినబడతాయి; బండి తోలడంలోని తోలు మాత్రం వేరే ధాతువు.